కాలువ ఎటు పారింది

మా చుట్టాలందరూ నా చదువును రాళ్ల చదువు అంటారు. పురావస్తు శాస్త్రం అనే మాట నోరు తిరగక కొందరు, తిరిగినా అందులో అన్నం పెట్టేదేమీ కనబడక కొందరు ఆ పేరు ఖాయం చేశారు. పెళ్లిళ్లలో ఎవరో ఒక మామయ్య నన్ను పక్కకు పిలిచి, గుప్తనిధులు ఎక్కడుంటాయో మీ చదువులో చెబుతారా అని గొంతు తగ్గించి అడుగుతుంటాడు. అంత తెలిస్తే మట్టెవాడలో అద్దె ఇంట్లో ఎందుకుంటాను మామయ్యా అని నలుగురూ వినేలా గట్టిగానే అంటాను. నిజానికి నేను తవ్వకాల్లో పాల్గొన్నది విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక్క సీజనే. అప్పుడు కూడా నా పని కుండపెంకులు బ్రష్‌తో కడిగి ఎండలో ఆరబెట్టడం. ఆ తర్వాత వరంగల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. చేతిలో బ్రష్ పోయి సుద్దముక్క వచ్చింది.

అందుకే మా మేనత్త ఫోన్ చేసి, నీ చదువుతో పని పడింది బిడ్డా అన్నప్పుడు ముందు నాకు నమ్మకం కుదరలేదు.

అత్త మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. మామయ్య పోయి చాలా కాలమైంది. నర్సంపేట దాటి అడవి అంచుకు ఉండే ఒక ఊళ్లో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు దగ్గర అంటే ఆమెకు కోపం వస్తుంది, కొడుకే ఆమె దగ్గర ఉంటాడు. వాళ్లకున్నది మూడెకరాల చేను. నల్లమట్టి. ఆ చేను మిర్చికి ఎనుమాముల మార్కెట్‌లో ఒక మర్యాద ఉంది. బస్తా విప్పగానే రంగు చూసి కొనేవాళ్లు దగ్గరికి వస్తారు. ఆ మిర్చితోనే ఆమె ఇల్లు కట్టింది, కొడుక్కి పెళ్లి చేసింది, మా నాన్న దవాఖానలో ఉన్నప్పుడు ఎవరూ అడగకముందే వచ్చి పక్కన నిలబడింది. ఆ చేను లేకుండా మా అత్తను నేను ఊహించలేను.

ఆ చేనుకే ఇప్పుడు ఎసరు వచ్చింది. రెండో కోత నడుస్తుండగా అటవీ శాఖ వాళ్లు వచ్చి, చేను ఇవతలి అంచున ఉన్న రాళ్ల మీద ఎర్ర రంగు పూసి పోయారట. వాళ్ల పటం ప్రకారం చేను మొత్తం అడవిలోకి వస్తుంది. రెవెన్యూ పటం ప్రకారం రాదు. అత్త దగ్గర సాగు తప్ప పట్టా కాగితం లేదు. పంట చేతికొచ్చాక రెండు శాఖలూ కలిసి సర్వే చేస్తాయి, అప్పుడు అడవి అని తేలితే చుట్టూ కందకం కొట్టి మొక్కలు నాటుతారు. ఈ మాట చెప్పిన బీట్ ఆఫీసర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. అత్త దగ్గర మంచినీళ్లు తాగి, అడవి కంటే ముందునుంచే ఇక్కడ సాగు ఉందని చెప్పే పాత ఆనవాళ్లు ఏమైనా ఉంటే సర్వే రోజు చూపించమ్మా అని తనే సలహా ఇచ్చాడు.

అత్తకు వెంటనే కాలువ గుర్తొచ్చింది. చేను వెనుక అడవిలో ఒక పాత రాతి కాలువ ఉంది. నీళ్లు పారగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఊరంతా దాన్ని కాలువ అనే అంటుంది. అడవిలోంచి నీళ్లు తెచ్చి ఒకప్పుడు మా అత్త వాళ్ల చేనును పారించిందని, అప్పట్లో అక్కడ వరి పండేదని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు.

"కాలువ ఉన్నదంటే దాని కింద పొలం ఉన్నట్టే గద బిడ్డా. నువ్వొచ్చి జర చూసి, గది నిజమని చెప్పు. నీ చదువు గిప్పుడన్న అక్కరకొస్తది," అంది అత్త.

ఆ ఆఖరి మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. కానీ అడిగింది అత్త. శనివారం బస్సెక్కాను.

బస్టాండు దగ్గరికి బావ బండి తెచ్చాడు. బావ అంటే అత్త కొడుకే. ఒకప్పుడు మా ఇద్దరికీ ముడిపెట్టాలని పెద్దవాళ్లు అనుకున్నారు గానీ, నేను పీజీలో చేరగానే అతను జడుసుకుని వేరే పిల్లను చేసుకున్నాడు. ఇద్దరం బతికిపోయాం. ఆనాటి నుంచి నన్ను మేడమ్ అనే పిలుస్తాడు, వెటకారానికి. బండి మీద దారి పొడుగునా ఒకటే ప్రశ్న, అది కాకతీయుల కాలువేనా అని. మా వరంగల్‌లో పాత రాయి అంటే కాకతీయులదే. మొన్నటి మైలురాయికి కూడా బొట్టు పెట్టి కాకతీయుల పేరు చెప్పగలరు. చూడకుండా చెప్పడానికి నేనేమన్నా సోదెమ్మనా బావా అన్నాను.

చేను అవతల ఒక పొడవాటి గడ్డ ఉంది. మనిషెత్తు మట్టిదిబ్బ, దాని మీద సీతాఫలం పొదలు, మోదుగులు, రెండు మూడు పెద్ద మద్దిచెట్లు. ఆ గడ్డకు మధ్యలో ఒకచోట తెగి దారి ఉంది. మేకలు, కట్టెలకు పోయే వాళ్లు ఆ దారినే అడవిలోకి పోతారు. గడ్డ దిగగానే టేకు చెట్ల మధ్య కాలువ మొదలవుతుంది. ఎండుటాకులు మోకాళ్ల దాకా పేరుకుని ఉన్నాయి. అడవిలో తవ్వాలంటే అనుమతి కావాలి, ఆకులు తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని బావ చేతికి పార ఇచ్చాను.

ఆకుల కింద నుంచి రాళ్లు బయటపడుతుంటే నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఇరువైపులా పేర్చిన రాళ్లు, లోపలి ముఖం మాత్రం చెక్కి నునుపు చేసినవి. సందుల్లో సున్నం లేదు, బంకమట్టి కూరారు. ఎద్దుల బండి పట్టేంత వెడల్పు. ఎవరో పనిగట్టుకుని, ఒళ్లు దాచుకోకుండా చేసిన పని. ఏ కాలానిదో నాకు తెలియలేదు, తెలియదనే చెప్పాను. బావ మొహం చిన్నబోయింది. కాలువ మాత్రం ఖచ్చితంగా కాలువేనని చెబితే మళ్లీ వెలిగింది. ఆ సాయంత్రం అత్త నాకు నాటుకోడి వండింది. పక్కింటి వాళ్లను పిలిచి, మా అన్న బిడ్డ పరీక్ష చేసింది, మన కాలువ ఖరారైంది అని చెప్పింది. నేనూ వారించలేదు. నాకూ అది ఖరారైనట్టే ఉంది.

ఒక్క పని మిగిలింది. కాలువ వాలు చూపించాలి. నీళ్లు అడవిలోంచి చేను వైపు వచ్చాయని చెప్పాలంటే కాలువ అడుగు అడవి దగ్గర ఎత్తుగా, చేను దగ్గర పల్లంగా ఉండాలి. అది చూపిస్తే ఇంకెవరూ నోరెత్తరు. ఊళ్లో ఇల్లు కట్టేవాళ్ల దగ్గర బావ లెవల్ పైపు అడిగి తెచ్చాడు. సన్నటి పారదర్శకమైన గొట్టం, నిండా నీళ్లు పోస్తారు. రెండు కొసలు ఎంత దూరంలో పట్టుకున్నా నీటి మట్టం రెండు చోట్లా ఒకటే ఉంటుంది. నేల నుంచి ఆ మట్టం దాకా టేపుతో కొలిస్తే, ఎక్కడ కొలత ఎక్కువ వస్తే అక్కడ నేల పల్లం. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క.

ఆదివారం అత్త వాళ్లు చర్చి నుంచి వచ్చాక మొదలుపెట్టాం. చేను వైపు కొస నేను పట్టుకున్నాను, అడవి వైపు కొస బావ. కొలత అడవి వైపు ఎక్కువ వచ్చింది.

"నువ్వు ఉల్టా చూస్తానవ్ మేడమ్," అన్నాడు బావ.

కొసలు మార్చుకున్నాం. మళ్లీ అడవి వైపే ఎక్కువ. గొట్టంలో గాలిబుడగ ఉందేమోనని నీళ్లు పారబోసి మళ్లీ నింపాం. అడవి వైపే. ఇంకొంచెం ముందుకు పోయి కొలిచాం. అడవి వైపే. నాకు ఒళ్లు మండింది. గొట్టం మీద, బావ మీద, ఆ కాలువ కట్టినవాళ్ల మీద కూడా. ఎదురుగా చెట్ల మీదుగా గుట్ట కనిపిస్తోంది. అడవి ఎత్తు, ఊరు పల్లం. అక్కడివాళ్లు అడవికి పోవడాన్ని పైకి పోవడం అనే అంటారు, పుట్టినప్పటి నుంచి అందరూ అలాగే నడుస్తున్నారు. కళ్లకు కూడా అలాగే కనిపిస్తోంది. ఒక్క నీళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు.

అత్తకు ఇంకా తేలలేదని చెప్పి వరంగల్ వచ్చేశాను. ఆ వారమంతా క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. కాలువ ఎవరూ ఎదురెక్కేలా కట్టరు. భూమి ఏమైనా కుంగిందా? కాలువ సగంలో వదిలేశారా? అసలు అది కాలువ కాక, బండ్ల బాటకు కట్టిన గోడలా? బాట అయితే అత్త చేను సంగతి ఏమవుతుంది? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నా పని అలా అయింది. కుడితిలో పడ్డ ఎలుక కూడా ఒక గట్టు చూసుకుని ఈదుతుంది. నాకు ఏ గట్టూ కనిపించలేదు.

మరుసటి శనివారం మళ్లీ వెళ్లి బావను వెంటబెట్టుకున్నాను. ఈసారి కాలువ వెంబడి లోపలికి, అది ఎక్కడ మొదలైందో చూద్దామని. మొదలు దొరికితే చిక్కు విడిపోతుందనుకున్నాను. కానీ లోపలికి పోయేకొద్దీ కాలువ సన్నబడింది. కొంత దూరం పోయాక రెండుగా చీలింది. ఆ రెండూ మళ్లీ చీలాయి. ఒక్కొక్క పాయ పక్కన టేకు చెట్ల కింద నేల మెట్లు మెట్లుగా ఉంది. ఒక్కో మెట్టు అంచునా మట్టిలో కూరుకుపోయిన రాళ్ల వరుస. నేను ఆ రాళ్ల మీద కూర్చుండిపోయాను. అవి పొలాల ఒడ్లు. టేకు చెట్లన్నీ మడుల్లో నిలబడి ఉన్నాయి.

"అడవి పొలమేనే బావా," అన్నాను. "ఇదంతా వరి పండింది."

బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. అడవే ఒకప్పుడు పొలం అయితే, మా చేను అడవి ఎట్లవుతుంది అన్నాడు. నాకూ ఆ క్షణం అదే నిజమనిపించింది. ఇక సర్వే వాళ్లను రమ్మను అని కూడా అన్నాను. తిరిగి వస్తుంటే సగం దారిలో నా సంతోషం నీరుగారిపోయింది. పొలాలు అక్కడుంటే, పాయలుగా చీలేది అక్కడైతే, నీళ్లు అక్కడికి పోయాయన్నమాట. అక్కడికి ఎక్కడి నుంచి పోయాయి? మా వైపు నుంచి. మా వైపు ఏముంది? మూడెకరాల మిరప చేను. చేనులోంచి నీళ్లెట్లా వస్తాయి?

గడ్డ మీదికి ఎక్కి కూలబడ్డాను. బావ కూడా ఎక్కాడు. ఎక్కేముందు చెప్పులు కింద విడిచాడు. ఎందుకు విడిచావని అడిగాను.

నా వెనకాలే పొదల్లో ఒక చిన్న రాయి ఉంది. పసుపు, కుంకుమ, ఎప్పుడో కొట్టిన కొబ్బరికాయ చిప్ప. అది అక్కడుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సెలవుల్లో వచ్చినప్పుడు చూశాను. మా తాతల కాలం నుంచి మా రెండు ఇళ్లవాళ్లమూ క్రైస్తవులం. ఊళ్లోవాళ్ల దేవతల జోలికి పోవద్దు, అగౌరవపరచొద్దు, అడగొద్దు అని మమ్మల్ని పెంచారు. అత్త ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది, ఆ రాయి దాటేటప్పుడు మాత్రం చెప్పులు విడుస్తుంది. ఏడాదికోసారి ఊరివాళ్లు వచ్చి అక్కడ బోనం పెట్టుకుని పోతామంటే చేనులోంచి దారి ఇస్తుంది. అంతవరకే. ఆ దేవత ఎవరు, అక్కడ ఎందుకుంది అని మా ఇళ్లల్లో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకున్నాం.

"ఊరోళ్ల మైసమ్మ," అన్నాడు బావ. "కట్ట మైసమ్మ అంటరు. మనకెందుకు?"

మా వరంగల్ జిల్లాలో ఏ చెరువుకైనా కట్ట మైసమ్మ ఉంటుంది. చెరువు తెగకుండా కాసే తల్లి, కట్ట మీదే కూర్చుంటుంది. ఈ మాట నేను క్లాసులో కూడా చెబుతాను. చెప్పి, ఇంతకాలం ఆమె పక్కనుంచే నడిచిపోయాను. నేను కూర్చున్నది గడ్డ కాదు, కట్ట. మేకల దారి ఆ కట్టకు పడ్డ గండి. లేచి చేనులోకి దిగి మట్టి చేతిలోకి తీసుకున్నాను. అంత నల్లటి మట్టి చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు, చెరువు అడుగున తప్ప. మట్టిలో తెల్లటి నత్తగుల్లలు. దున్నినప్పుడల్లా లేస్తాయని అత్త వాటిని ఏరి కోళ్లకు వేస్తుంది, నేను కూడా ఏరి ఇచ్చాను. కట్ట పక్కన బర్రెను కట్టేసే రాయి ఉంది, దానికి గుండ్రటి తొర్ర. తాడు దూర్చడానికి ఎవరో తొలిచారని అందరం అనుకున్నాం. అది తూము రాయి. ఆ తొర్రకు బిరడా పెట్టి చెరువు నీళ్లు ఆపేవాళ్లు, తీసి కాలువలోకి వదిలేవాళ్లు.

అడవి పొలం. మా అత్త చేను చెరువు. కాలువ సరిగ్గానే పారింది, మేమే తలకిందులుగా నిలబడి చూశాం.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. బావకు అర్థం కాలేదు, చేను అడవి కాదని తేలింది కదా, ఏడుపెందుకు అన్నాడు. చెరువు లోపలి నేలను శిఖం అంటారని అతనికి నాకంటే బాగా తెలుసు. శిఖం సర్కారుదే, ఎవరికీ సొంతం కాదని కూడా తెలుసు. నేను ఆ ఒక్క మాట అనగానే అతను చేనులోనే చతికిలబడ్డాడు. చేను అడవి కాదని రుజువు చేయాలంటే అది చెరువని చెప్పాలి. చెరువని చెబితే అదీ మాది కాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

బావ చివరికి తేల్చిన మాట ఒక్కటే, ఎవరికీ చెప్పొద్దని. ఊరంతా నమ్ముతున్నట్టే కాలువ అడవిలోంచి చేనుకు వచ్చిందని చెప్పమన్నాడు.

"ఎవలకు తెలుస్తది? నీళ్లేమన్నా వచ్చి సాక్ష్యం చెప్తయా?" అన్నాడు.

నాకు అతని మీద కోపం రాలేదు. అందుకే నాకు భయం వేసింది. సర్వేకు వచ్చేవాళ్లు వాలు చూడకపోవచ్చు కూడా. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని రాసుకుని పోవచ్చు. వాళ్లు యంత్రం పెట్టి చూస్తే అప్పుడు నా మాట, దానితోపాటు అత్త మాట కూడా అబద్ధమవుతాయి, చేను నేరుగా అడవిలో కలుస్తుంది. ఏది చెబితే చేను మిగులుతుందో నాకు అంతుపట్టలేదు. చేను మిగలడానికి అబద్ధం చెప్పగలనా అన్నది కూడా తేలలేదు. చెప్పగలననే అనిపించింది. చెప్పలేననీ అనిపించింది. ఇంటికి పోయేదాకా ఈ రెండిటి మధ్యే ఊగాను.

అత్త వాకిట్లో కూర్చుని మిరపకాయలు ఏరుతోంది, తెల్లబారిన తాలు కాయలు ఒక పక్కకు, ఎర్రటివి ఒక పక్కకు. ఆమె ముందు కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టి, అంతా చెప్పేశాను. వాలు, పాయలు, కట్ట, గుల్లలు, శిఖం. బావ గుమ్మంలో నిలబడి నా వైపు గుడ్లురిమి చూస్తూనే ఉన్నాడు. అత్త చేతులు ఆగలేదు. ఏరుతూనే అటు పక్క పొలాలు ఎవరివి అని అడిగింది. తెలియదన్నాను. ఎప్పుడో పోయారు, ఎందుకు పోయారో కూడా తెలియదు. కట్ట తెగితే నీళ్లు పోయి ఉంటాయి, నీళ్లు పోతే మనుషులూ పోయి ఉంటారు అన్నాను.

"మైసమ్మ వాళ్లదే ఉంటది," అంది అత్త.

తర్వాత ఆమె ఆలోచించిన తీరు నేను ఊహించలేదు. ధర్మాధర్మాలు మాట్లాడుతుందనుకున్నాను, అదేమీ లేదు. సంతలో ఎడ్లు కొనేటప్పటి మాదిరి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

"అడవైతే ఒక్కసారి నాటిన్రంటే అయిపాయె. చెట్టు మల్ల కదలది. చెరువంటవా, నీళ్లు వస్తయ్, పోతయ్. పోయినంక మనం ఏస్కోవచ్చు. చెరువనే చెప్పు బిడ్డా."

ఆమె అన్నది ఉత్త మాట కాదు. మా వైపు ఎన్నో చెరువుల్లో నీళ్లు తగ్గాక అంచుల్లో సాగు చేసుకుంటారు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బావ చాలా వాదించాడు. ఇన్నేళ్లుగా ఆ కుంటలో నీళ్లు నిలవలేదు, గండి ఉన్నంతకాలం నిలవవు కూడా అని ఆమే అతనికి నచ్చజెప్పింది. అందులో నాకూ ధైర్యం దొరికింది. అబద్ధం చెప్పక్కర్లేదు, చేనూ పోదు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

సర్వే రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. రెండు శాఖల వాళ్లూ వచ్చారు. వాళ్లకు కట్ట చూపించాను, తూము రాయి చూపించాను, అడవి లోపల మడులు చూపించాను. నా జన్మలో నేను అంత బాగా పాఠం చెప్పలేదు. వాళ్లు యంత్రం పెట్టి వాలు చూసుకున్నారు, మా గొట్టం చెప్పిందే అదీ చెప్పింది. బీట్ ఆఫీసర్ తనే గుడ్డతో రాళ్ల మీద ఎర్ర రంగు తుడవబోయాడు, అది పోలేదు. చేను అడవి కాదని అక్కడికక్కడే ఒప్పుకున్నారు. కుంట శిఖం అని రాసుకున్నారు. రెవెన్యూ నుంచి వచ్చిన పెద్దాయన కట్ట మీద అటూ ఇటూ నడిచి, ఇంత మంచి కుంట వట్టిగా పడి ఉంది, ఒక్క గండి పూడిస్తే చాలు, ఊరికి ఎంత మేలు అన్నాడు. ఆయన మనసారా అన్నాడు. అత్త అందరికీ టీ ఇచ్చింది.

వానలకు ముందే జేసీబీ వచ్చి గండి పూడ్చింది.

ఈసారి వానలు బాగా పడ్డాయి. నేను పండగ సెలవుల్లో గానీ వెళ్లలేకపోయాను. నిజానికి వెళ్లబుద్ధి కాలేదు. ఊళ్లోకి అడుగు పెట్టగానే కనబడ్డవాళ్లంతా నన్ను ఆపి పలకరించారు. ఎండిన బోర్లల్లో నీళ్లొచ్చాయట. మీ చదువు పుణ్యమే మేడమ్ అన్నారు, వెటకారం లేకుండా. రాళ్ల చదువు అన్న నోళ్లే అవి. ఇన్నాళ్లూ నేను కోరుకున్న మాట అదే. అప్పుడు మాత్రం తల ఎత్తలేకపోయాను.

కట్ట దాకా నడిచాను. చేను లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నీళ్లు. నీటి మధ్య బావ వేసిన మోటారు షెడ్డు రేకు మాత్రం కనిపిస్తోంది. తూము దగ్గర సన్నగా నీళ్లు జారి, మేము ఆకులు తీసిన కాలువలో పడి, టేకు చెట్ల మధ్యకు పోతున్నాయి. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. నా లెక్క తప్పలేదని గర్వం కూడా కలిగింది. ఆ గర్వం కలిగినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

బావ ఇంట్లో లేడు, కూలికి పోయాడని అతని భార్య చెప్పింది. అత్త నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చేపల పులుసు. ఎర్రగా, చిక్కగా, ముక్క విరిగిపోకుండా ఎప్పట్లాగే వండింది. ఆ నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో అడగాలని ఉంది, అడగలేకపోయాను. ఆమె తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. ఆమె నా కంచం చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలని, చేప ఎక్కడిదత్తా అన్నాను.

"మన చేన్లదే బిడ్డా," అంది, ఇంకో ముక్క వేస్తూ. "కారమే కొనుక్కొచ్చిన."